మన ఊరి యూత్ పిల్లలకు నర్సమ్మ ఉత్తరం

బిడ్డలారా,

మీ యూత్ గ్రూపులో నా నంబరు కూడా ఉన్న సంగతి మీలో చాలామంది మరిచిపోయినట్టున్నారు. పల్స్ పోలియో ఆదివారం బూత్ ఎక్కడ పెడుతున్నారో చెప్పడానికి ఎవరో చేర్చారు, మళ్ళీ ఎవరూ తీయలేదు. అందుకని అమావాస్య మర్నాడు పొద్దున వచ్చిన ఫొటో నేనూ చూశాను. మూడు బాటల కాడ ముగ్గు, కోసిన నిమ్మకాయ, కోడిగుడ్డు, పసుపు, కుంకుమ. దాని కింద ఒకరు ‘ఇదెవరి పనో అందరికీ ఎరుకే’ అని రాశారు. నేను టీ తాగి గ్లాసు కడిగేలోపు ఇంకొకరు ఇంటి గుర్తు చెప్పారు. మూడో మనిషి పేరే పెట్టేశాడు. ఆ మీదట ఒక గొంతు: ‘ఆదివారం కులపెద్దలను కూసోబెడదాం, ఆమెను పిలిపిద్దాం.’

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టాను. పుట్టినప్పుడు వాడి బొడ్డు కోసింది నేనే కాబట్టి మందలించే హక్కు కొంత ఉందనుకుంటున్నాను. గ్రూపులో జవాబు పెడితే నాలుగు దండం బొమ్మల కింద కొట్టుకుపోతుంది. అందుకే కాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి, మీ యూత్ గది గోడకు అంటించమని పంపిస్తున్నాను. కొంచెం పొడుగే. ఓపిక చేసుకుని చదవండి.

మంత్రాలు ఉన్నాయా లేవా అని మీతో వాదం పెట్టుకోవడానికి రాయడం లేదు. లేవని నా నమ్మకం. అయినా పెళ్ళికి పోయొచ్చిన మనవరాలు అన్నం తినకపోతే ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది నేనే. కోడలు నవ్వుతుంది, నవ్వనీ. దిష్టి తీస్తే ఎవరి పన్నూ ఊడదు. మా ఈడువాళ్ళం భయపడతాం, తాయత్తులు కట్టుకుంటాం, ముడుపులు కడతాం. కానీ మనిషిని ఇంట్లోంచి గుంజుకొచ్చి చెట్టుకు కట్టేసే సత్తువ మాకు లేదు. నేను చూసినంతలో ఆ పని ఎక్కడ జరిగినా చేసినవి పడుచు చేతులే. మా భయానికి మీ జబ్బలు తోడైననాడే ప్రాణం పోతుంది. అందుకే ఈ ఉత్తరం కులపెద్దలకు రాయలేదు, మీకు రాస్తున్నాను.

నేను నర్సు ఉద్యోగంలో చేరింది మెదక్ జిల్లాలో, నారాయణఖేడ్ వైపు. 1980లలో అక్కడ ఎవరి నోట విన్నా బాణామతి, అంటే చేతబడి, మాటే. ఒక రాత్రి సబ్‌సెంటర్ తలుపు కొట్టారు. ఒక ముసలాయనను ఇద్దరు భుజాల మీద ఆనించుకుని తెచ్చారు. నోట్లో తువ్వాల కుక్కి ఉంది. అది తీసి టార్చి వేసి చూస్తే ముందుపళ్ళు లేవు. ఒకటి సగానికి విరిగి చిగురులోనే ఉండిపోయింది. మేకులు పీకే పట్టుకారుతో పీకారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట, పలకకపోతే పారదట. ఇది ఆ ఊరొక్కదాని పిచ్చి కాదు, మన పల్లెల్లో మంత్రగాడన్న ముద్ర పడ్డవాళ్ళకు వేసే శిక్షల్లో పళ్ళు పీకడం ఒకటి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళిచ్చి పుక్కిలించమంటే దవడ కదల్లేదు. దూదితో తుడిచి, గాజుగుడ్డ మడిచి కరిపించి, ధనుర్వాతం సూది వేసి, తెల్లారి మొదటి బస్సుకు పెద్దాసుపత్రికి పంపాను.

బతికాడు. తర్వాత నేను ఇళ్ళు తిరిగేటప్పుడు అరుగు మీద కనబడేవాడు. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుని మింగేవాడు. పేరు అడిగితే గాలి వచ్చేదే తప్ప అక్షరం వచ్చేది కాదు. ఇంతకూ ఆయన చేసిన నేరమేమిటంటే, తేలు కాటుకు ఆకు పసరు పూసేవాడు. ఒక ఇంట్లో వెంటవెంటనే రెండు చావులు జరిగాయి. పసరు తెలిసినవాడికి విషమూ తెలిసే ఉంటుందన్నారు. పట్టుకారు పట్టినవాళ్ళలో ఒకడు అంతకుముందు తేలు కుడితే ఏడ్చుకుంటూ ఆయన దగ్గరికి పోయినవాడే.

ఆ రెండు చావులు ఎందుకు జరిగాయో నాకు కొంత తెలుసు. ఒకామె నిండు చూలాలు. కాళ్ళ వాపు, తలపోటు, కళ్ళు మసకలు అని వారం రోజులుగా అంటూనే ఉంది. తర్వాత ఫిట్స్ వచ్చాయి, పళ్ళు గిట్టకరిచింది, నాలుక కొరుక్కుంది, స్పృహ తప్పింది. దాన్ని మేము గుర్రపువాతం అనేవాళ్ళం. బీపీ చూసి ముందే పట్టుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు. ఇంట్లోవాళ్ళకు అది గాలి సోకడంలా కనబడింది, వాళ్ళను తప్పుపట్టను, కళ్ళారా చూస్తే నాకే గుండె ఆగినంత పనైంది. రెండోది ఆమె మరిది. చలిజ్వరం, మూడో నాటికి సంధి మాటలు, ఎవరినీ గుర్తుపట్టకపోవడం. మలేరియా మెదడుకు ఎక్కితే అలాగే ఉంటుంది. నేను వేలు పొడిచి తీసుకున్న రక్తపు చుక్క గాజుపలక మీద ఆరి, ల్యాబుకు పోయి, ఫలితం వచ్చేసరికి ఆయన దినాలు కూడా అయిపోయాయి.

పశువుల సంగతి కూడా అంతే. తొలకరి పడ్డాక లేతగడ్డి మేసిన గొర్రెలు సాయంత్రం బాగానే ఉంటాయి, తెల్లారి చూస్తే దొడ్లో కాళ్ళు చాచి ఉంటాయి. గొల్లవాళ్ళకు తెలుసు అది చిటుక రోగమని, వానలకు ముందే టీకా వేయిస్తే రాదని. వేయించని మందలో ఒక్క రాత్రి పది జీవాలు పోతే ఆ ఇంటివాడికి లోకమంతా శత్రువుల్లాగే కనిపిస్తుంది.

రోగానికి పేరు దొరకని ఇంట్లో మనిషి పేరు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఉద్యోగం పొడుగునా నేను చూసింది ఇదే. ఆ వెతుకులాటకు సాయం చేసేవాడు ఒకడు ఎప్పుడూ పక్క మండలంలో ఉంటాడు. అంజనం వేస్తానంటాడు. తమలపాకు మీద కాటుక పూసి అందులోకి చూడమంటాడు. వాడు ఒక్క పేరూ చెప్పడు, గమనించండి. ‘మీ ఇంటికి తూర్పున’ అంటాడు. ‘ఆడమనిషి, ఒంటిది, మీ ఇంటి గడప తొక్కింది, ఏదో అడిగితే మీరు లేదన్నారు’ అంటాడు. ఏ ఊళ్ళో లేదు అలాంటి మనిషి? పేరు మాత్రం మీ నోటితోనే అనిపిస్తాడు. రేపు పోలీసులు వస్తే ‘నేనెవరి పేరూ చెప్పలేదు సారూ’ అనడానికి వాడికి దారి ఉంటుంది. మీకు ఉండదు.

మీ నోటికి వచ్చే పేరు ఎవరిదై ఉంటుందో కూడా చూడండి. మొగుడు చచ్చి, రెండెకరాలు తన పేరున ఉన్న ముసలామె. బంధువులతో గట్టు తగాదా ఉన్నవాడు. ఊరి చివర ఉండే దళితుడు. మంత్రసాని, పసరు వైద్యుడు, తనలో తాను మాట్లాడుకునే మతి చెదిరిన మనిషి. నాకు తెలిసి సర్పంచు మీద ఎన్నడూ బాణామతి నింద పడలేదు. ఆఫ్రికాలో టాంజానియా అనే దేశంలో ఒక జిల్లా లెక్కలు తీసి ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్త 2005లో రాశాడు: వానలు మరీ ఎగ్గొట్టిన ఏడు, మరీ ముంచెత్తిన ఏడు మంత్రగత్తెలన్న పేరుతో జరిగే హత్యలు రెట్టింపయ్యాయట. చచ్చింది ఎక్కువగా ముసలి ఆడవాళ్ళు, చంపింది ఎక్కువగా సొంత బంధువులు. తిండి తక్కువైన ఇంట్లో ఒక నోరు తగ్గించుకోవడానికి మంత్రం ఒక సాకు. మన దగ్గర ఆ సాకు ఎక్కువగా భూమి కోసం.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటారేమో. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట దగ్గరి అద్రాస్‌పల్లిలో ఒకామె చనిపోతే, ఆమె చావుకు కారణం చేతబడేనని అనుమానించి ఒక యువకుణ్ణి నరికి, ఆమె చితి మీదే పడేశారు. మీ ఈడువాడే. లోకానికంతా టీకాలు చేసి పంపే జీనోమ్ వ్యాలీ అక్కడికి పెద్ద దూరం కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం మీటింగు జరుగుతుండగానే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. మీటింగు అన్నారు చూశారా, అందుకే ‘కూసోబెడదాం’ అన్న మాటకు నాకు చెమటలు పట్టాయి. ఆ ఏడాదే దేశం మొత్తం మీద 85 హత్యలకు చేతబడి అనుమానమే కారణమని జాతీయ నేర గణాంకాల సంస్థ రాసుకుంది. అది ప్రాణం పోయినవాళ్ళ లెక్క. పళ్ళు పోయినవాళ్ళు, ఊరు విడిచినవాళ్ళు, నీళ్ళ కాడ ఎవరూ మాట్లాడక ఇంట్లోనే కుమిలినవాళ్ళు అందులో లేరు.

చదువులేని పల్లెల జబ్బు అని కొట్టిపారేసేవాళ్ళకు ఒక ఊరి సంగతి చెబుతాను. మా చిన్నోడు అమెరికాలో బోస్టన్‌లో ఉంటాడు. నేను పోయినప్పుడు పక్కనే ఉన్న సేలం చూపించాడు. మంత్రగత్తెల ఊరని చెప్పుకుని అక్కడ వ్యాపారం చేసుకుంటున్నారు. దుకాణాల నిండా కోసుగా ఉండే నల్లటోపీలు, పోలీసుల బిళ్ళ మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ. నాకైతే కడుపులో తిప్పింది. పాత శ్మశానం పక్కన మాత్రం ఒక రాతిగోడ ఉంది. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చినట్టు ఇరవై రాతిబల్లలు. ఒక్కోదాని మీద ఒక పేరు, చంపిన తీరు, తేదీ. లోపలికి అడుగుపెట్టే చోట కింది రాళ్ళ మీద ఆ చనిపోయినవాళ్ళు తాము ఏ పాపం ఎరగమని మొత్తుకున్న మాటలు చెక్కారు. మాట పూర్తికాకుండానే గోడ దాని మీదికి వచ్చేస్తుంది. మా వాడు చదివి చెబుతుంటే నిలబడి విన్నాను.

1692లో అక్కడ ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకు వంకర్లు తిరిగిపోయే మూర్ఛలు వచ్చాయి. వైద్యుడికి అంతుపట్టక ఇది దుష్టశక్తి పని అన్నాడు. ఎవరు చేశారో చెప్పండని పెద్దలు పిల్లలను వేధించారు. మొదట వచ్చిన మూడు పేర్లు చూడండి: ఒక బానిస, ఒక బిచ్చగత్తె, ఆస్తి తగాదా ఉన్న ఒక జబ్బుమనిషి. సాక్ష్యమేమిటంటే, ‘ఆమె రూపం నా దగ్గరికి వచ్చి గిల్లింది’ అనడమే. కల్లోకి వచ్చిందని మనవాళ్ళంటారే, అదే. కోర్టు దాన్ని రాసుకుంది. తప్పు ఒప్పుకుని ఇంకొకరి పేరు చెప్పినవాళ్ళు బతికారు, నేను చేయలేదన్నవాళ్ళను ఉరితీశారు. అలాంటప్పుడు పేర్లు ఆగుతాయా? నూటయాభై మందికి పైగా జైళ్ళలో పడ్డారు. బిచ్చగత్తె కూతురు, నాలుగైదేళ్ళ పసిదాన్ని కూడా జైల్లో పెట్టారు. పంతొమ్మిది మందిని ఉరితీశారు, జవాబు చెప్పనన్న ఒక ముసలాయనను రాళ్ళ బరువు కింద నొక్కి చంపారు. జైల్లోనే మరో ఐదుగురైనా పోయారు. పేర్లు పెద్దింటివాళ్ళ దాకా పాకాక అక్టోబరులో గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు.

వాళ్ళలో రెబెకా నర్స్ అనే ఆమె నా మనసులోంచి పోదు. డెబ్బై ఒక్క ఏళ్ళు, భక్తురాలు, చెవులు సరిగ్గా వినపడవు. మొదట పంచాయతీవాళ్ళు, అంటే జ్యూరీ, ఆమె నిర్దోషి అన్నారు. పిల్లలు గోల పెట్టారు, జడ్జీలు మళ్ళీ ఆలోచించమన్నారు. జ్యూరీ పెద్ద ఆమెను ఒక మాట అడిగాడు. ఆమెకు వినపడలేదు. జవాబు రాకపోయేసరికి దోషి అన్నారు. మన ఊళ్ళో మీరు ఆదివారం పిలిపిద్దామనుకుంటున్న మనిషికి కూడా పిలిస్తే పలకదన్న పేరుంది. చెవిలో చీము కారి వినికిడి పోయిందని నా రిజిస్టరులో నేనే రాశాను.

ఆ ఊరి కథలో మీకు పనికొచ్చే ముక్క చివర్లో ఉంది. శిక్ష పడ్డవాళ్ళలో ఎలిజబెత్ జాన్సన్ అనే ఆమెకు ఉరి తప్పింది కానీ దోషి అన్న ముద్ర చెరగలేదు. దగ్గర్లోని పట్టణం నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు తమ టీచరమ్మతో కలిసి పాత కాగితాలు తిరగేసి, శాసనసభ్యులకు ఉత్తరాలు రాసి, వెంటపడ్డారు. 2022లో మసాచుసెట్స్ రాష్ట్రం ఆ ముద్ర తుడిచేసింది. మూడువందల ముప్పై ఏళ్ళకు. ఎనిమిదో తరగతి పిల్లలు, మీ అందరికంటే చిన్నవాళ్ళు.

మీ చేతిలోని ఫోను సంగతికొస్తాను. 2018 ఎండాకాలంలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి, మీలో పెద్దవాళ్ళకు గుర్తుండాలి. అందరినీ భయపెట్టిన ఒక వీడియోలో బండి మీద వచ్చినవాళ్ళు వీధిలో పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లో కరాచీవాళ్ళు పిల్లలు జాగ్రత్త అని చెప్పడానికి తీసిన ప్రకటన. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దించేసే ముక్క ఎవరో కోసేశారు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అడుక్కునే ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడలో సంచారజాతికి చెందిన ఐదుగురిని పంచాయతీ గదిలో వేసి కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజీని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. కట్టడి ఫోనుకు పెట్టారు, వేలికి ఎవరు పెడతారు?

మా మనవరాలు చదివే సోషియాలజీలో దీనికి మోరల్ పానిక్ అని పేరుందట. 1972లో స్టాన్లీ కోహెన్ అనే ఇంగ్లండు ప్రొఫెసరు దాని మీద పుస్తకమే రాశాడు. సముద్రపు ఒడ్డున కుర్రాళ్ళ చిన్న కొట్లాటను పత్రికలు ఎట్లా ఉగ్రరూపంగా చూపించాయో చెప్పాడు. పేరు ఏదైనా కానివ్వండి. చిన్నది జరుగుతుంది, దాన్ని పెద్దది చేసేవాళ్ళు ఉంటారు, ఎవరో ఒకరు దానికి బలి కావాలి.

అదే 2018లో మన రాష్ట్రంలోనే జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి చేసిన పని మాత్రం ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. ఊరికొక పోలీసును అప్పగించింది. ఊళ్ళో తిరిగే ఒక కానిస్టేబుల్‌కు వింతగా ఒకటి కనబడింది: ఎండాకాలం రాత్రి, వాకిట్లో మంచాలు లేవు. జనం ఆ ఉక్కలో తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటున్నారు. అడిగితే ఫోన్లు చూపించారు. అక్కడినుంచి పోలీసులు డప్పు చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు కట్టించి పాడించారు, సర్పంచులను వాట్సాప్ గ్రూపుల్లో చేర్చుకున్నారు. వేరే జిల్లాల్లో ప్రాణాలు పోతున్నా అక్కడ పోలేదు. లాఠీ చేసిన పని కాదది. వాకిట్లో మంచం లేదని గమనించిన కంటి పని. మీరు రోజూ నాలుగు గల్లీలూ తిరుగుతారు. ఎవరింటి పొయ్యి వెలగలేదో, ఎవరింటికి నీళ్ళ బిందె పోవడం ఆగిందో పోలీసుకన్నా ముందు మీకు తెలుస్తుంది.

మంత్రాల గుట్టు విప్పే ప్రదర్శనల గురించి మీలో ఒకరు నన్నడిగారు. మంచివే. విజయవాడ నాస్తిక కేంద్రంవాళ్ళు, తర్వాత జనవిజ్ఞాన వేదికవాళ్ళు మా మెదక్ పల్లెల్లో చాలా తిరిగారు. మందారపూల రసం పూసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారడం బడిలో చూశాను. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడటం మీ ఇంట్లో హారతి పళ్ళెంలో రోజూ చూసేదే. తడి పేడలో భాస్వరం ముక్క పెట్టి గడ్డివాములో విసిరితే, పేడ ఎండాక దానంతటదే అంటుకుంటుంది. బాణామతి మంటలన్నవాటిలో కొన్ని ఇవే. అయితే నేను చూసింది చెబుతాను: పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దలు ‘ఇది గారడీ, వాళ్ళది అసలుది’ అనుకుంటూ ఇళ్ళకు పోయారు. భయం నిమ్మకాయలో లేదు మరి, ఇంట్లో జ్వరంతో పడుకున్న పిల్లదాని దగ్గర ఉంది. నా సబ్‌సెంటర్ పరిధిలో బాణామతి మాట తగ్గింది క్లోరోక్విన్ మాత్రలు ఇంటింటికీ పోయాక, గర్భిణులకు నెలనెలా బీపీ చూడటం మొదలయ్యాక. నర్సును కాబట్టి నర్సు మాటే చెబుతుందంటారేమో, అననివ్వండి.

అస్సాంలో బీరూబాల రాభా అనే ఆమె ఉండేది, 2024లో పోయింది. ఆమె కొడుకుకు జబ్బు చేస్తే భూతవైద్యుడు మూడు రోజుల్లో చస్తాడన్నాడు. మూడు రోజులు గడిచాయి, పిల్లవాడు చావలేదు. ఆమె పెద్దగా చదువుకోలేదు. అయినా ఆ ఒక్కటి చాలు, భూతవైద్యుడి మాట అబద్ధమని తేల్చుకుంది. అప్పటినుంచి ఎక్కడ ఆడమనిషిని మంత్రగత్తె అన్నా అక్కడికి పోయి నిలబడింది. జార్ఖండ్‌లో చుట్నీ మహతో తానే ఆ నింద మోసి, దెబ్బలు తిని, ఊరు విడిచి, ఆ తర్వాత తనలాంటివాళ్ళకు ఇల్లయింది. ఇద్దరికీ 2021లో పద్మశ్రీ ఇచ్చారు. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో ఈ నిందకే ప్రత్యేకంగా చట్టాలు చేసుకున్నాయి. 2013లో నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపాక మహారాష్ట్ర చేసింది, 2017లో కర్ణాటక చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు అలాంటిది ఇంకా చేయలేదు. కొడితే, బెదిరిస్తే, తరిమితే కేసు పెట్టడానికి ఉన్న సెక్షన్లు చాలు గానీ, నింద వేసిన నాడే ఆపడానికి చేతిలో ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఇక ఆదివారం సంగతి. మీటింగు వద్దు. పెట్టి సర్దిచెబుదాం అని కూడా అనకండి. ఆమెను నలుగురి ముందు నిలబెట్టి ‘నువ్వు చేయలేదని ఒట్టు పెట్టు’ అంటే సగం నేరం ఒప్పించినట్టే. ఫొటో పెట్టినవాడు ఫొటో తీసేయాలి, పేరు పెట్టినవాడు అదే గ్రూపులో ఆ పేరు వెనక్కి తీసుకోవాలి. ఎవరైనా చేయి ఎత్తే పరిస్థితి వస్తే 112కు ఫోన్ చేయడానికి నన్ను అడగనక్కర్లేదు.

ఈ అనుమానానికి మొదలైన, మన ఊళ్ళో జ్వరంతో పడుకున్న పిల్లదాని తండ్రికి విడిగా ఒక మాట. నాయనా, నీ కోపం నాకు అర్థమవుతుంది. బిడ్డ పదో రోజు కూడా లేవకపోతే ఎవరికైనా ఎవరో ఒకరి మీద పళ్ళు కొరకాలనిపిస్తుంది. రేపు పొద్దున నేనే వస్తాను, బండి సిద్ధంగా పెట్టు. ప్లేట్‌లెట్లు, మలేరియా, టైఫాయిడ్ మూడూ చూపిద్దాం. వాటి ఖర్చు అంజనం వేసేవాడికి పెట్టిన డబ్బులో నాలుగో వంతు కూడా కాదు.

మన సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం పోస్టు నేను దిగిపోయిననాటి నుంచీ ఖాళీగానే ఉంది. పక్క ఊరి పిల్ల ఇన్‌ఛార్జిగా వచ్చిపోతుంది, ఆమెకు ఇప్పటికే నాలుగూళ్ళున్నాయి. గర్భిణుల బీపీ మిషన్ పాడైంది, రక్తపరీక్ష కిట్లు అయిపోయాయి. దీని మీద మీ గ్రూపులో ఒక్క మెసేజీ కూడా నేను చూడలేదు. కలెక్టరుకు అర్జీ రాసి పెట్టాను. ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించే పని మీది. వేలిముద్ర వేసేవాళ్ళ దగ్గరికి ఇంకు ప్యాడు తీసుకుపోండి. ప్రజావాణి సోమవారం ఉంటుంది, జిల్లా కేంద్రానికి మొదటి బస్సు ఆరింటికి. కనీసం ఐదారుగురు రండి, ఒక్కదాన్నే పోతే ‘అమ్మా, కూర్చో, చూస్తాం’ అని పంపించేస్తారు.

మీ
నర్సమ్మ